నిన్న తీసిన తాళం

ఆనకట్ట కంట్రోల్ రూమ్ ఇంజనీరుని, చేతిలో టీ కప్పు ఉండగానే కాల్చి చంపారు.

ఆ కబురు పెద్దాయన చెవి మిషన్‌లో మోగింది. చూసేవాళ్లకి అది వినికిడి మిషన్, గూఢచారి డిపార్ట్‌మెంటుకి రేడియో. ఈమధ్య ఆయనకి రెండు రకాలుగానూ అవసరమవుతోంది.

"బాబాయ్, విదేశీ ముఠా పని," అన్నాడు చీఫ్. వయసుకి కొడుకంతవాడు. "గేట్ల కొత్త ప్యానెల్ అమ్మింది వాళ్ల బినామీ కంపెనీయే. ఈ సాయంత్రం బయటినుంచి కోడ్ వర్డ్ పంపుతారు. గేట్లన్నీ ఒక్కసారే లేస్తాయి."

"గేట్లు సరే, నా మోకాళ్లే లేవనంటున్నాయిరా."

"ఆనకట్ట కిందేగా మీ అక్కగారి ఇల్లు?"

పెద్దాయన ఏసీ మెకానిక్ చొక్కా తొడుక్కున్నాడు.

"లోపల మన మనిషి ఉంది. పేరు నెమలి. ముఠాకి కంప్యూటర్ కోడ్ రాసిపెడుతూ మనకి సమాచారం అందిస్తోంది," అన్నాడు చీఫ్.

కంట్రోల్ రూమ్ కిటికీ అవతల జలాశయం అంచుదాకా నిండి ఉంది. నల్ల కళ్లద్దాలు, ఎర్ర లిప్‌స్టిక్, ఎత్తు మడమల చెప్పులతో ఒకామె ఎదురొచ్చింది.

"ఏసీ కారుతోందన్నారు?" అన్నాడు పెద్దాయన.

"కారేది ఏసీ కాదు, పైకప్పు."

సంకేతం కుదిరింది. "మీరే వస్తారనుకోలేదు అన్నయ్యగారూ," అంది నెమలి. అందగత్తెలు అన్నయ్యగారూ అనడం ఆయనకి కొత్త కాదు. అలాగని అలవాటూ కాలేదు.

నిచ్చెన పట్టుకున్నట్టు నటిస్తూ చెప్పింది. "భయం లేదు. వాళ్ల ప్యానెల్ ప్రోగ్రామ్ సి భాషలో ఉంది, గేట్ల పాత ప్రోగ్రామ్ అంతకన్నా పాత భాష ఫోర్‌ట్రాన్‌లో ఉంది. రెంటికీ మధ్య వంతెన నేనే ఫోర్‌ట్రాన్‌లో రాశాను, రెండు భాషల్నీ కలిపే బైండ్ సి పెట్టి. అందులో ఓ తాళం దాచాను. నేను కీ కొడితే తప్ప గేటు కదలదు."

"ఏదీ, చూపించు."

మూలనున్న స్క్రీన్ మీద ఆ లైను చదివాడు. లాక్డ్ అనే వేరియబుల్‌ని ప్రకటించిన చోటే, అదే లైన్లో, ట్రూ అని, అంటే తాళం పడి ఉందని, విలువ పెట్టింది. ఫోర్‌ట్రాన్ కాలంనాటి పెద్దాయన కళ్లు చిట్లించి మళ్లీ చదివాడు.

"నువ్వు సి లోనే పుట్టి పెరిగావా అమ్మాయ్?"

"అవును, ఏం?"

"రిహార్సల్ ఏమన్నా చేశారా?"

"నిన్న చేశాం, మోటార్లు ఆపేసి. వాళ్లకి నమ్మకం కుదరాలని కీ కొట్టి తాళం తీశాను. అయితేనేం? పిలిచిన ప్రతిసారీ మళ్లీ ట్రూతోనే మొదలవుతుందిగా!"

"సి లో అవుతుంది. ఫోర్‌ట్రాన్‌లో ప్రకటించే లైన్లోనే విలువ పెడితే అది మొదటిసారికే. ఆ తరవాత జరిగిందంతా దానికి గుర్తుంటుంది. దాచుకో అని చెప్పే సేవ్ అన్న మాట నువ్వు రాయకపోయినా రాసినట్టే లెక్క. నిన్న నువ్వు తీసిన తాళం ఇంకా తీసే ఉంది."

లిప్‌స్టిక్ తప్ప ఆమె మొహంలో రంగు మిగల్లేదు. "ఆ లైను మార్చి, మెషీన్ భాషలోకి మళ్లీ కంపైల్ చేస్తాను."

"ఈ ముసలి ప్రోగ్రామ్ కంపైలయ్యేసరికి మా అక్క సముద్రంలో తేలుతుంది. దీన్ని ఆపి మళ్లీ లేపితే చాలు. ట్రూతో లేస్తుంది."

కన్సోల్ ముందు కూర్చున్న, ప్యానెల్ కంపెనీ పంపిన సర్వీస్ ఇంజనీరు ముఠా మనిషే. కోటు జేబు ఉబ్బెత్తుగా ఉంది. "ఏయ్ ముసలాడా, ఏంటా గుసగుసలు?"

"గ్యాస్ పట్టాలి సార్, మెయిన్ ఆపాలి."

"స్విచ్ మీద చెయ్యేస్తే కాల్చేస్తా!"

"కాల్చండి సార్. ఈ ఉక్కపోతకన్నా అదే నయం," అంటూ పెద్దాయన మెయిన్ కిందికి లాగేశాడు. ఏసీతోపాటు స్క్రీన్లూ ఆరిపోయాయి.

గుండు ఏసీకి తగిలింది. నెమలి చెప్పు మడమ వాడి కణతకి తగిలింది. వాడు కుప్పకూలాడు.

పెద్దాయన మెయిన్ పైకి వేశాడు. స్క్రీన్ మీద లైన్లు ఒక్కొక్కటీ బద్ధకంగా పాకుతున్నాయి. చివరి లైను పడిందో లేదో కోడ్ వర్డ్ వచ్చింది. రిలేలు టకటకమన్నాయి.

స్క్రీన్ మీద ఒక్క మాట పడింది. లాక్డ్.

గేటు వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

నెమలి ప్యానెల్‌కి బయటి లైను పీకేసింది. తరవాత ట్రూని విడి లైన్లోకి మార్చి, కంపైల్‌కి పెట్టి, కుర్చీలో కూలబడింది. "ఒక్కసారి పెట్టిన విలువకి ఇంతలా అతుక్కుపోయే భాషేమిటి అన్నయ్యగారూ?"

పెద్దాయన మోకాళ్లు నొక్కుకున్నాడు.

"దాన్నేం అనకమ్మా. నన్ను చేర్చుకున్న రోజున టెంపరరీ అని రాశారు. రిటైర్మెంట్ దగ్గరికొచ్చినా ఎవరూ మార్చలేదు."