చదివి వినిపించగా విని

ఉదయం 7.10. ఆసుపత్రిలో ఆడపిల్లల వార్డు. నాలుగో మంచం ఖాళీ.

తొమ్మిదింటికి ఆపరేషన్ చేయాల్సిన పదహారేళ్ళ పిల్ల మాయం. కేస్ షీట్ కూడా లేదు.

"పుట్టుచెవుడండీ. మాట కూడా రాదు. ఎవరో ఎత్తుకుపోయుంటారు," అంటూ హాస్టల్ వార్డెన్ కళ్ళు తుడుచుకుంది. అవి పొడిగానే ఉన్నాయి.

ఇన్‌స్పెక్టరమ్మ నోట్‌బుక్ తీసింది. "ఏం ఆపరేషన్?"

"అపెండిక్స్."

"పిల్లకి తెలుసా?"

"తెలియకేం? వేలిముద్ర కూడా వేసింది."

సీసీ కెమెరాలో 6.40కి ఒక్కటే కదలిక. మాసిన దుప్పట్ల బండి తోసుకెళ్తున్న ఆయా.

"బండి బరువనిపించలేదా?"

"అనిపించిందమ్మా."

"మరి ఎందుకు ఆగలేదు?"

ఆయా తల వంచుకుంది. "ఆగితే కోసేస్తారు. పోయినేడు ఆ హాస్టల్ పిల్లనే ఒకదాన్ని ఆపరేషన్ థియేటర్లోంచి తెచ్చాను. ఏం చేశారో తెలిసీ నోరు మూసుకున్నాను. ఆ పాపం నన్నింకా వదల్లేదు."

7.55. లాండ్రీ గది. దుప్పట్ల గుట్ట వెనక ఆ పిల్ల మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. చేతిలో కేస్ షీట్, పెన్సిల్ ముక్క. అందులో అపెండిక్స్ అన్న మాటే లేదు. 'పిల్లలు పుట్టకుండా ఆపరేషన్' అని ఉంది. దాని కింద పెన్సిల్‌తో రెండు గీతలు.

ఇన్‌స్పెక్టరమ్మకి ఒళ్ళు మండిపోయింది.

8.20. డ్యూటీ రూమ్. అందరూ ఉన్నారు.

"దాని మంచికేనండీ," వార్డెన్ నసిగింది. "రేపు ఎవడైనా ఏదైనా చేస్తే? కడుపొస్తే?"

"చేసినవాణ్ణి పట్టుకోవాలి. పిల్లని కోస్తారా?"

"ఒప్పుకున్నట్టు కాగితం ఉంది మేడమ్," అన్నాడు సర్జన్. "అది చూసే నేను సంతకం పెట్టాను."

"పిల్లని చూడలేదన్నమాట. ఆ కాగితంలో ఆఖరి లైను పైకి చదవండి."

"'చదివి వినిపించగా విని, సమ్మతించి...'" సర్జన్ ఆగిపోయాడు.

"ఏం విని, డాక్టర్ గారూ?"

ఇన్‌స్పెక్టరమ్మ కేస్ షీట్ బల్ల మీద పరిచింది.

"ప్రతి కాగితం మీదా ఉండే మాటే. అందుకే ఎవరి కంటా పడలేదు. పుట్టుచెవుడని పొద్దున ఈవిడే చెప్పింది. చెవిటి పిల్ల ఎలా వింది? ఈ గీతలు చూడండి. చదవడం వచ్చిన పిల్ల ఇది. కాగితం చేతికిస్తే చదివేస్తుందని బొటనవేలు పట్టుకుని నొక్కించారు."

కానిస్టేబుల్ వార్డెన్‌ని బయటికి తీసుకెళ్ళింది. సర్జన్ కుర్చీలోంచి లేవలేదు.

ఇన్‌స్పెక్టరమ్మ నోట్‌బుక్‌లో రాసి పిల్లకి చూపించింది: 'నిన్నిక ఎవరూ ముట్టుకోరు.'

పిల్ల తన పెన్సిల్ తీసింది. చాలాసేపు రాసింది.

'పోయినేడు మా హాస్టల్లో అక్కకి కూడా అపెండిక్స్ అనే చెప్పారు. వచ్చే నెల తన పెళ్ళి. పాప పుడితే పెట్టే పేరు కూడా నాకు చెప్పింది. తనకి ఎవరు చెప్తారు?'

ఇన్‌స్పెక్టరమ్మ రెండుసార్లు చదివింది. పెన్ను తీసింది. మళ్ళీ మూత పెట్టేసింది.