చిరగని గ్లవ్స్

"మా ఆయన చేతులు కాలిపోయాయి సార్. నిప్పు ముట్టుకోలేదు, వేడినీళ్లు పడలేదు. కారకుడెవరో మీరే తేల్చాలి!"

ఆమె భర్త శవపరీక్ష గదిలో డాక్టరుకి సహాయకుడు. అందరూ భూతద్దం అని పిలుచుకునే డిటెక్టివ్ ఎదుట కూర్చుని ఆమె కళ్లు ఒత్తుకుంటోంది. పదిహేను రోజుల క్రితం ఆమె తమ్ముడు పోయాడు. పాత ఇనుము కొట్టులో ఏదో డబ్బా పగలగొడితే రేడియోధార్మిక పొడి అతని ఒళ్లంతా పడింది. ఆ శవపరీక్షలో డాక్టరు పక్కన నిలబడింది ఆమె భర్తే. ఇప్పుడు అతనికీ లోపలంతా పాడైంది, ఆశ వదులుకోమన్నారు.

"డాక్టరు జాగ్రత్త తీసుకుని ఉండడు. లేదంటే స్టోరు గుమాస్తా చిరిగిన గ్లవ్స్ అంటగట్టి ఉంటాడు. మా తమ్ముణ్ణి మాత్రం ఎంత బాగా పంపారనీ! నున్నగా గీసిన గడ్డంతో పెళ్లికొడుకులా ఉన్నాడు. మా అమ్మ వాడి చెంపలు నిమురుతూ కూర్చుండిపోయింది."

భూతద్దం ఇటు తిరిగేలోగానే ఆయన అసిస్టెంటు రేడియేషన్ మీటరు సంచిలో పెట్టేశాడు. గురువుగారి చూపు చదవడమే తన పెద్దచదువని అతని గర్వం.

శవపరీక్ష గదిలో డాక్టరు మండిపడ్డాడు. "రెండేసి జతల గ్లవ్స్, మణికట్టుకి టేపు, మాస్కు, అన్నీ నేనే సరిచూశా. పని కాగానే శవాన్ని సంచిలో పెట్టి సీలు వేసి పసుపు కార్డు కట్టా. ఆ కార్డుంటే సంచి ఎవరూ విప్పకూడదు, కన్నతల్లైనా సరే!"

గుమాస్తా సీసపు పెట్టె తెరిచాడు. ఆనాడు వాడిన నాలుగు జతలనూ పటకారుతో తీసి నీళ్లు పోస్తే ఒక్క చుక్క కారలేదు. ఈలోగా అసిస్టెంటు కొత్తవి రెండు జతలు తొడుక్కుని, చొక్కా బొత్తాం పెట్టుకోలేక నానా తంటాలు పడ్డాడు. భూతద్దం నవ్వలేదు. సహాయకుడి లాకరు దగ్గర మీటరు గోల పెట్టింది. లోపల గడ్డం గీసుకునే సామాను ఉంది.

మర్నాడు భూతద్దం అందరినీ ఆసుపత్రి వరండాలో కూర్చోబెట్టాడు.

"గ్లవ్స్ చిరగలేదు. అంటే చేతులు కాలింది పరీక్షలో కాదు, అవి విప్పాక. వాటితో బొత్తామే పట్టదు, గడ్డం గీయడం అయ్యే పనేనా? డాక్టరుగారు వెళ్లాక కార్డు తెంపి, సంచి విప్పి, వట్టి చేతులతో ఆ ముఖం కడిగి గీసింది మీవారేనమ్మా. రేజరు ఆయన లాకర్లోనే ఉంది."

"ఆయనకి అన్నీ తెలుసు కదా! తెలిసి తెలిసి ఎందుకు చేస్తాడు?"

అడుగుతుండగానే ఆమెకి తన మాటలే గుర్తొచ్చాయి.

"అయ్యో, నేనే!" ఆమె గుండెలు బాదుకుంది. "మా అమ్మకి చివరిచూపు దక్కకపోతే నీ మొహం చూడనని ఆయనతో అన్నాను."

"ఉదయం మీ అమ్మగారికి పరీక్ష చేశాం. ఆవిడకి ఏమీ అంటలేదు. అంత శ్రద్ధగా కడిగాడు," అన్నాడు డాక్టరు.

అంతలో వార్డులోంచి నర్సు వచ్చి తల అడ్డంగా ఊపింది. అసిస్టెంటు ఏడుపు ఆపుకోలేకపోయాడు.

ఆమె డాక్టరు వైపు తిరిగింది. "డాక్టరుగారూ, ఈయనకీ పసుపు కార్డేనా?"

డాక్టరు అవునన్నట్టు తల వంచుకున్నాడు.

"గడ్డం బాగా మాసిపోయింది. ఎవరైనా కాస్త..."