జవాబు చెప్పని ప్రోగ్రాం

కొత్త పంపు డిజైన్ చోరీ అయింది. దొంగ పేరు అప్పటికే స్క్రీన్ మీద ఉంది. మరి తననెందుకు పిలిచారో ఇన్‌స్పెక్టర్‌కు అర్థం కాలేదు.

సర్వర్ గదికి కిటికీ లేదు. ఉన్నది ఒక్కటే తలుపు, దాని బయట కానిస్టేబుల్. లోపల ఇన్‌స్పెక్టర్ కాక ముగ్గురు: మేనేజరు, సిస్టమ్ అడ్మిన్, డిజైనర్. డిజైనర్ అడ్మిన్‌కు సొంత చెల్లెలు. స్క్రీన్ మీదున్న పేరు ఆమెదే.

పట్టించింది అన్న రాసిన స్క్రిప్టు. సర్వర్‌లో నడుస్తున్న ఒక్కో ప్రోగ్రామునూ నిన్ను నడుపుతున్నదెవరని అది విండోస్ ద్వారా అడుగుతుంది. వచ్చిన పేరును వేరియబుల్ అనే ఒక డబ్బాలో వేసుకుని చూపిస్తుంది. డ్రాయింగులను బయటికి పంపుతున్న ప్రోగ్రాం పక్కన చెల్లెలి పేరు చూపించింది. నెట్ కేబుల్ పీకేయడంతో ఆ ప్రోగ్రాం ఎటూ పోలేక ఇంకా అక్కడే వేలాడుతోంది.

అమ్మాయిని వెంటనే స్టేషన్‌కు తీసుకెళ్లమని మేనేజరు ఒకటే తొందర. రిపోర్టు మీద అన్న సంతకం కూడా పెట్టేశాడు. స్క్రిప్టు తప్పంటే ఉద్యోగం పోతుంది, ఒప్పంటే చెల్లెలు జైలుకు పోతుంది. పాపం, అడకత్తెరలో పోకచెక్క అయిపోయాడు. చెల్లెలు గోడవైపు తిరిగి కూర్చుంది. నేను కాదని మేనేజరుకు చెప్పీ చెప్పీ ఆమె గొంతు ఎండిపోయింది.

ఇన్‌స్పెక్టర్ స్క్రిప్టు తెరిపించాడు. మొదటి లైన్ దగ్గరే ఆగాడు.

"ఇదేంటి?"

"ఎర్రర్ వస్తే పట్టించుకోకుండా ముందుకెళ్లమని, సార్."

"ఏదైనా ప్రోగ్రాం పేరు చెప్పనని మొండికేస్తే?"

"అదీ ఎర్రరే. దాటేస్తుంది."

"అప్పుడు వేరియబుల్‌లో ఏముంటుంది?"

అన్న స్క్రీన్ మీదికి వంగి ఆ లైన్ మళ్లీ చదివాడు.

"లిస్టు తిరగేసి నడుపు. కింది నుంచి పైకి."

నడిపాడు. పేర్లన్నీ మునుపటిలాగే వచ్చాయి, ఒక్కటి తప్ప. దొంగ ప్రోగ్రాం పక్కన ఈసారి అన్న పేరు ఉంది.

"ఇద్దరూ కలిసే చేశారన్నమాట," అన్నాడు మేనేజరు.

"కాదండీ. అది అసలు జవాబే చెప్పలేదు. దాని ముందు ఎవరి పేరు వస్తే అదే వేరియబుల్‌లో మిగిలిపోయింది." ఇన్‌స్పెక్టర్ అన్న వైపు తిరిగాడు. "నువ్వు అడిగినా జవాబు చెప్పలేదంటే, ఎవరి అకౌంట్ అది?"

"నాకన్నా పై అకౌంట్ నడిపేవే నాకు జవాబు చెప్పవు సార్. అలాంటి అకౌంట్ ఒక్కటే ఉంది." అన్న మేనేజరు వైపు తిరిగాడు. "దాని పాస్‌వర్డ్ మేనేజర్ గారి దగ్గరే ఉంటుంది."

మేనేజరు మొహం వెలవెలబోయింది. తలుపు వైపు చూశాడు. అక్కడ కానిస్టేబుల్ ఉన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది కాబోలు, మళ్లీ కూలబడ్డాడు. పోటీ కంపెనీ పేరు చెప్పడానికి ఆయనకు ఎక్కువసేపు పట్టలేదు.

మేనేజరును బయటికి నడిపిస్తూ ఇన్‌స్పెక్టర్ గుమ్మంలో ఒక్క క్షణం ఆగాడు. లోపల అన్న చెల్లెలిని బతిమాలుతున్నాడు.

"క్షమించవే. అడిగే ముందు పాత పేరు తుడిచెయ్యాలి. జవాబు వచ్చిందో లేదో చూసుకోవాలి. అంతే, అదొక్కటే మర్చిపోయాను."

చెల్లెలు బ్యాగు భుజాన వేసుకుంది.

"అన్ని ప్రోగ్రాములనూ అడిగావు. నన్నొక్కదాన్నీ ఎందుకు అడగలేదు అన్నయ్యా?"

అతను నోరు తెరిచాడు. మాట రాలేదు. కాసేపు చూసి, ఆమె ఇన్‌స్పెక్టర్‌ను దాటుకుంటూ వెళ్లిపోయింది.

తలుపు బార్లా తెరిచే ఉంది. అన్న మాత్రం కుర్చీలోంచి లేవలేకపోయాడు.