థ్రాస్‌గిల్ ఇంటి ఏడో కుర్చీ

స్కార్‌బెక్‌లో తపాలా కొట్టు ఒకటే ఉండేది. స్టాంపులు, పురికొస, లక్క, సిరా బుడ్లు, పిల్లలకి పిప్పరమెంట్లు అమ్మేవాళ్ళం. పద్నాలుగో ఏట బడి మానేసి నేనా కొట్టులో చేరాను. చదువు అంతంతమాత్రమే గానీ చేతిరాత ముత్యాల్లా ఉంటుందని పేరు. చూపు ఆనని ముసలమ్మలు పార్సెళ్ళ మీద చిరునామాలు నాచేతే రాయించుకునేవాళ్ళు.

అప్పుడు నా పేరు హెట్టీ బార్కర్.

బార్కర్! ఎంత చప్పటి పేరో చూడండి. మా సందులోనే నాలుగు బార్కర్ల ఇళ్ళున్నాయి. గొర్రెల సంతలో ఎవరైనా "బార్కర్!" అని కేకేస్తే పది టోపీలు ఇటు తిరిగేవి. రాత్రిళ్ళు దుప్పటి ముసుగేసుకుని, నాకో అందమైన పేరుంటే నా బతుకే వేరుగా ఉండేదని కలలు కనేదాన్ని.

అంబ్రోస్ ఆ కొట్టులోకి వచ్చింది పందొమ్మిది వందల ముప్ఫై సెప్టెంబరులో. మగపిల్లల బడికి కొత్త మాస్టారు. పొడుగ్గా, పాలిపోయి, ఎప్పుడూ నిద్ర చాలనట్టు ఉండేవాడు. వారానికి ఇరవై స్టాంపులు కొనేవాడు.

"ఇన్ని ఉత్తరాలు ఏ అమ్మాయికండీ మాస్టారూ?" అని ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"అమ్మాయిలకి కాదు. అన్నీ ముసలి ఫాదర్లకే," అని నవ్వాడు. "మీ చర్చి పుస్తకాల్లో మా ఇంటిపేరు ఎక్కడైనా ఉందా అని అడుగుతుంటాను."

"ఏం పేరండీ?"

"థ్రాస్‌గిల్."

ఆ మాట వినగానే బండల మీంచి వాగు జారుతున్నట్టు అనిపించింది. నిజం చెప్తున్నాను, మనిషి కంటే ముందు ఆ పేరునే ప్రేమించాను.

తర్వాత శనివారం కొట్టు వెనక గదిలో నాకోసం పటం పరిచాడు. దేశం మొత్తం ఉన్న పటం. అందులో ఎర్రగాజు తలల పిన్నులు ఏడు. ఆరు కెస్‌డేల్ లోయలో ఒకదాన్నొకటి రాసుకుంటూ ఉన్నాయి. ఒక్కటి మా ఊరి మీద ఉంది.

"అది నేను," అన్నాడు. "ఈ పేరున్నవాళ్ళు దేశం మొత్తం మీద ఏడుగురే. మూడొందల ఏళ్ళ చర్చి పుస్తకాలు తిరగేశాను. ఎనిమిదిమంది ఎప్పుడూ లేరు. ఆరుగురూ ఎప్పుడూ లేరు."

పటం మీద అక్కడక్కడా పెన్సిల్‌తో కొట్టు గుర్తులున్నాయి.

"ఇవేంటండీ?"

"లోయ దాటి బతుకుదామని వెళ్ళినవాళ్ళు. ఇదిగో, హల్ రేవులో సేత్, మునిగిపోయాడు. ఇది లివర్‌పూల్. మార్తా, జ్వరం. అందరినీ పెట్టెల్లో లోయకే తీసుకొచ్చారు."

చెప్తూ ఆ గుర్తుల మీంచి వేలు గబుక్కున తీసేశాడు. నాకు మాత్రం కళ్ళు చెమర్చాయి. తన మనుషుల్ని వదలలేని పేరు! ఇంతకంటే ప్రేమ ఎక్కడుంటుంది అనుకున్నాను.

"మరి మీ బార్కర్లు ఎంతమంది?" అన్నాడు.

"అబ్బో! ఏ ఊళ్ళో రాయి విసిరినా ఓ బార్కర్ నెత్తిన పడుతుంది."

అతను నవ్వలేదు. ఆకలిగా ఉన్నవాడు రొట్టె వంక చూసినట్టు చూశాడు. నన్నే అలా చూస్తున్నాడని మురిసిపోయాను.

అక్టోబరులో పెళ్ళి మాట ఎత్తాడు. ఇంక నా చెయ్యి ఆగలేదు. మంచు పట్టిన అద్దాల మీద, పాటల పుస్తకం వెనక, పిండి చల్లిన బల్ల మీద, ఎక్కడ పడితే అక్కడ హెట్టీ థ్రాస్‌గిల్, హెట్టీ థ్రాస్‌గిల్ అని రాసుకునేదాన్ని. ఒకరోజు నానమ్మ చూసి చేతిమీద గరిటెతో కొట్టింది.

"ఒసే పిచ్చిమొహమా! తాళం వెయ్యని ఇంటికి దొంగని పిలుస్తావే? పెళ్ళికి ముందు మొగుడి ఇంటిపేరు రాసుకోకూడదు."

"రాస్తే ఏమవుతుందట?"

"పెళ్ళి జరగదు. పేరు మాత్రం అంటుకుంటుంది. మా అమ్మ చెప్పింది, వాళ్ళమ్మ చెప్పింది."

"నీకు కుళ్ళే నానమ్మా, నువ్వు బార్కర్‌నే చేసుకున్నావుగా," అన్నాను. పాపం, నానమ్మ కూడా నవ్వేసింది.

నవంబరు మొదటి వారంలో అంబ్రోస్ కొట్టుకొచ్చి, పెట్టెలకి కట్టే అట్టచీటీ ఒకటి నా ముందు పెట్టాడు.

"నీ పాత పేరు ఒక్కసారి రాసివ్వు హెట్టీ. ఇంక ఎప్పుడూ రాయవుగా. దాచుకుంటాను."

"పూర్తి పేరా?"

"ఇంటిపేరు చాలు. నీ చేత్తో రాస్తే చాలు."

నా ప్రేమ కొద్దీ సిరా మెరిసేలా రాశాను. బార్కర్. అతను ఆరేదాకా ఊది, గుండె దగ్గర జేబులో పెట్టుకున్నాడు. నా జీవితంలో ఇంత మురిపెమైన రోజు లేదు... ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే నాలుక చేదవుతుంది.

ఆ శనివారమే వాళ్ళ పెద్దవాళ్ళకి చూపిస్తానని కెస్‌డేల్ తీసుకెళ్ళాడు. ఒంటిగంట బస్సెక్కాం. కూడా ఒక రేకు పెట్టె తెచ్చాడు. "అత్తయ్యకి పాత పుస్తకాలు," అన్నాడు. లోయ మొదట్లో దిగాక మాత్రం దాన్ని రోడ్డుపక్క పాలక్యాన్లు పెట్టే అరుగు మీదే వదిలి గోనెపట్టా కప్పాడు.

"మోయలేను, తర్వాత తీసుకుంటా."

రెండు మైళ్ళ నడక. రాతిగోడల మధ్య బురద దారి. తడిసిన గొర్రెబొచ్చు వాసన, పొయ్యిల్లో కాల్చే పీట్ మట్టి పొగ వాసన. పొగమంచు వాగులోంచి లేచి మెల్లగా మోకాళ్ళదాకా వచ్చింది. తర్వాత నడుము దాకా... మూడున్నరకే వెలుతురు చచ్చిపోయింది. మా దగ్గర నవంబరు అంతే.

ఇల్లు చర్చి గోడకి ఆనుకునే ఉంది. పెరటి తలుపు తీస్తే సమాధులే.

వంటింట్లో తబితా అత్తయ్య, జోనస్ బాబాయి కూర్చుని ఉన్నారు. ఇద్దరూ ఎండుకట్టెల్లా ఉన్నారు. పొడుగాటి బల్ల. మీద జున్ను, పార్కిన్ అనే అల్లం కేకు, ఇంత లావు కెటిల్. అల్లం వాసన కమ్మగా ఉంది. కుర్చీలు ఏడు. కప్పులూ ఏడు.

"రా తల్లీ, రా. చలికి ముక్కు ఎర్ర ముల్లంగి దుంపలా అయిపోయింది," అంది అత్తయ్య. "పార్కిన్ తిను. మరీ సన్నంగా ఉన్నావు, మా వాగుగాలికి ఎగిరిపోతావు."

మంచిమనిషి అనిపించింది. అంబ్రోస్ ఏమీ తినలేదు.

"మిగతావాళ్ళు ఏరండీ?" అన్నాను కప్పులు చూసి.

"గొర్రెల దగ్గర," అన్నాడు అంబ్రోస్ గబుక్కున.

"వస్తారు," అంది అత్తయ్య. "మావాళ్ళు టీ వేళకి ఎప్పుడూ తప్పరు."

తర్వాత పెద్ద బైబిలు తెచ్చి నా ముందు తెరిచింది. ప్రతి ఇంట్లోలాగే మొదటి పేజీల్లో ఆ ఇంటివాళ్ళ పేర్లు వరుసగా ఉన్నాయి. మా ఇంట్లో ఎవరైనా పోతే తారీఖు వేస్తాం. వీళ్ళ పుస్తకంలో పుట్టిన తారీఖులే ఉన్నాయి. పోయిన తారీఖు ఒక్కటీ లేదు.

చివర అంబ్రోస్ పేరు ఉంది. దాని కింద ఖాళీ.

"నీ చేతిరాత బంగారమట కదా. రాయి, చూద్దాం."

"పెళ్ళి ఇంకా కాలేదండీ..."

"రాయి హెట్టీ," అన్నాడు అంబ్రోస్. కలం నా చేతిలో పెట్టాడు. "నాకోసం."

అతనికోసం ఏం చెయ్యమన్నా చేసేదాన్ని. రాశాను. వందసార్లు రాసిన పేరు, చెయ్యి దానంతటదే పరిగెత్తింది. హెట్టీ థ్రాస్‌గిల్.

అత్తయ్య అద్దుడు కాగితం వేసి నొక్కింది. అంబ్రోస్ కలం తీసుకుని తన పేరు మీద సన్నగా ఒక గీత గీశాడు. నెత్తిమీద గడ్డిమోపు దించినవాడిలా ఊపిరి వదిలాడు.

"ఏడు," అన్నాడు జోనస్ బాబాయి. ఆ సాయంత్రం ఆయన నోరు విప్పడం అదే మొదలు.

"మంచు ఎక్కువైంది. లాంతరు తెస్తాను," అని అంబ్రోస్ లేచి నా నుదుటి మీద ముద్దు పెట్టాడు. అంత ఆప్యాయంగా ఎన్నడూ పెట్టలేదు. వీధి తలుపు తీసుకుని వెళ్ళాడు.

గడియారం కొట్టుకుంటోంది. కెటిల్ సన్నగా ఈల వేస్తోంది.

లాంతరు రాలేదు.

పెరటి వైపు అడుగుల చప్పుడు... తడి బూట్లు. నెమ్మదిగా... ఒకరు కాదు.

పెరటి తలుపు గడియ దానంతటదే లేచింది. ముందు వాసన వచ్చింది. తవ్విన మట్టి వాసన, దాంతో కలిసి ఉప్పునీటి వాసన. దీపం వత్తి కుంచించుకుపోయింది. నేను తల ఎత్తలేదు. బల్ల మీది పార్కిన్ ముక్క వంకే చూస్తూ కూర్చున్నాను. కుర్చీ లాగిన చప్పుడు. ఇంకో కుర్చీ. ఇంకోటి... నాలుగు.

అత్తయ్య టీ పోస్తోంది.

"సిగ్గుపడకు తల్లీ," గుసగుసగా అంది. "మనవాళ్ళే. నీ పక్కన ఉన్నది సేత్. హల్‌లో నీళ్ళల్లో పడ్డాడు కదా, అంబ్రోస్ చెప్పే ఉంటాడు. అదిగో, మార్తా. మా ఇంట్లో ఎవరూ కుర్చీ వదలరమ్మా. ఇంకొకరు వచ్చి కూర్చుంటే తప్ప."

నా మోచేతి పక్కనుంచి బల్ల మీదకి నీళ్ళు పాకాయి. చల్లగా... నా వేళ్ళదాకా వచ్చాయి.

కుర్చీ వెనక్కి పడింది. తలుపు ఎలా తీశానో తెలీదు. వెనక అత్తయ్య గొంతు, కోపం లేకుండా, నిదానంగా...

"పోనివ్వండి. చిన్నపిల్ల. తనే వస్తుంది. రాకపోతే మనమే వెళ్దాం."

పరిగెత్తాను. గోడరాళ్ళకి మోకాళ్ళు చీరుకుపోయాయి. అంబ్రోస్‌ని కూడా వాళ్ళు పట్టుకున్నారేమో, నాకోసం ఎక్కడ వెతుకుతున్నాడో అని అతని గురించే ఏడుస్తూ పరిగెత్తాను. నా అంత వెర్రిది ఉంటుందా?

రోడ్డు మీద అయిదు గంటల బస్సు దీపాలు కనిపించాయి. పాలక్యాన్ల అరుగు దగ్గర కండక్టరు రేకు పెట్టె ఎత్తుతూ దానికి కట్టిన చీటీ టార్చి వేసి చదువుతున్నాడు.

"బార్కర్, సౌతాంప్టన్ ఓడరేవు. మీదేనా సారూ?"

"నాదే," అన్నాడు అంబ్రోస్.

టార్చి వెలుగులో నా ముత్యాల రాత మెరిసింది.

"అంబ్రోస్!"

తిరిగి చూశాడు. పరిగెత్తుకొస్తాడనుకున్నాను. బస్సు మెట్టు మీంచి కదల్లేదు. అతని మొహంలో నిద్రలేమి పోయింది. పదేళ్ళు చిన్నవాడిలా ఉన్నాడు.

"క్షమించు హెట్టీ," అన్నాడు, కండక్టరుకి వినపడకుండా. "మీవాళ్ళు చాలామంది ఉన్నారు. ఒకరు తగ్గినా ఎవరికీ తెలియదు."

గంట కొట్టారు. బస్సు వెళ్ళిపోయింది.

ఇంటికి పదకొండు మైళ్ళు నడిచాను. నానమ్మ నా వేలికి అంటిన సిరా చూసింది. వేడినీళ్ళు, సబ్బు పెట్టి రుద్దింది. రుద్దుతూ ఏడ్చింది. మరక పోలేదు.

సోమవారం కొట్టులో నాకోసం చుట్టిన పటం ఉంది. 'నీకు' అని ఒక్క మాట రాసి ఉంది. అంత జరిగాక కూడా దాన్ని చించలేకపోయాను. అతను తాకిందని దాచుకున్నాను. ఏడో పిన్ను స్కార్‌బెక్ మీదే ఉంది. ఇప్పుడది నేనన్నమాట.

లోయకి దూరంగా పోవాలని క్రిస్మస్ కాకుండానే హల్ వచ్చేశాను. బట్టలుతికే కొట్టులో పని దొరికింది. హాజరు పుస్తకంలో బార్కర్ అని రాద్దామనే కలం పెట్టాను. చెయ్యి ఇంకోటి రాసింది. అలవాటే అని సరిపెట్టుకున్నాను. కానీ ఆ రాత్రి పటం విప్పితే, ఏడో పిన్ను హల్ మీద ఉంది. సేత్ కొట్టు గుర్తు పక్కనే.

ఫిబ్రవరిలో మిగతా ఆరూ లోయ దాటాయి.

పటం కిటికీలోంచి పారేశాను. ఇంటి యజమానురాలు మిసెస్ ఆర్‌క్రైట్ "ఇంత మంచి పటం పారేసుకున్నావేంటమ్మాయ్!" అని తెచ్చి గోడకి కొట్టింది. రోజూ పొద్దున్నే చూస్తున్నాను. ఆరు పిన్నులు, రోడ్డు వెంట ఒకదాని వెనక ఒకటి... తొందరేమీ లేని నడకలా. మార్చిలో మాల్టన్. మొన్న ఆదివారం బెవర్లీ, ఇక్కడికి ఎనిమిది మైళ్ళే.

అంబ్రోస్ ఏ దేశంలో ఉన్నాడో. మంచి నిద్ర పడుతుందేమో. నా పేరు పెట్టుకుని ఎవరినో పెళ్ళి చేసుకుని ఉంటాడు. ఆమె ఆ చప్పటి పేరు అద్దాల మీద రాసుకుని మురుస్తుందేమో. నా పేరు నాకు కావాలి. అది ఒక్కటే అడగాలని ఉంది. ఎవరిని అడగను?

ఈ పొద్దున పటం మీద ఒక్క పిన్నే ఉంది. నాది. ఆరు చిల్లులే మిగిలాయి.

ఇది రాస్తుండగానే కింద నుంచి మిసెస్ ఆర్‌క్రైట్ పిలుస్తోంది.

"హెట్టీ! మీవాళ్ళొచ్చారమ్మా! ఎంత మర్యాదస్తులో! పాపం, ఒక్కొక్కరూ తడిసి ముద్దయిపోయారు. టీ పెట్టాను. ఏడు కప్పులు చాలన్నారు, మరి నాకో కప్పు వద్దంటావా ఏంటి?"

కిటికీలోంచి చూశాను. వీధంతా ఎండ. హల్‌లో చినుకు పడి మూడు వారాలైంది.