ఆరని ఎర్ర లైటు

బాన్సువాడ నుంచి వర్ని రోడ్డు పట్టుకుని కొంచెం దూరం పోతే, మూతపడ్డ రైస్‌మిల్లు వెనక ఒంటిగది ఇల్లొకటి ఉండేది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, పొద్దుగూకితే అటు ఎవరూ పోయేవారు కాదు. మీసం మెలేసే మొనగాళ్లు కూడా అక్కడికి రాగానే సైకిల్ జోరు పెంచేవారట. లోపలి నుంచి ఒక ఆడగొంతు అడిగేది—

"వినవడ్తుందా?"

కొంచెం ఆగి... మళ్లీ అదే మాట. జవాబిస్తే ఇంటిదాకా వెంట వస్తుందని చెప్పుకునేవారు. ఇచ్చినవాడిని చూసినవాళ్లు లేరు గానీ, ఊళ్లో జ్వరం తగిలిన ప్రతివాడూ తానే ఇచ్చానని చెప్పుకున్నాడు.

ఆ గొంతు ఎవరిదో మాత్రం అందరికీ తెలుసు. ఆర్కెస్ట్రాలో పాడే చాంద్రిది. వాళ్ల ప్రాక్టీసు ఆ గదిలోనే. ఒక మధ్యాహ్నం చాయ్ తెస్తానని రోడ్డు దాటబోయి లారీ కింద పడింది.

ఆనాటి నుంచి ఆమె మొగుడు చరణ్ గిటారు ముట్టలేదు. ప్రోగ్రాములకు రావడం మానేశాడు. మనిషి ఎండి పుల్లయ్యాడు. పెళ్లామే దెయ్యమై పీల్చేస్తోందన్నారు జనం. ఆర్కెస్ట్రాకు సౌండు చూసే అఖిలేశ్‌కు ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా గుండె తరుక్కుపోయేది. చెల్లెలి లాంటి పిల్ల పోయింది... వీడినన్నా దక్కించుకోవాలి.

చరణ్‌కూ అఖిలేశ్‌కూ మధ్య ఒకప్పుడు ఒకటే పంచాయితీ ఉండేది— గిటారుకు తగిలించి కాలితో తొక్కే పెడళ్లకు పవర్ ఎట్లా ఇవ్వాలని. ఎలిమినేటర్ పెట్టి కరెంటుతో నడిపితే స్పీకర్లో గుయ్‌మని ఒకటే రొద. పెడల్‌లో సెల్లు వేస్తే శబ్దం శుభ్రంగా వస్తుంది గానీ, పెడల్‌కు గుచ్చిన గిటారు వైరు తీగ అట్లాగే వదిలేస్తే తెల్లారేసరికి సెల్లు చస్తుంది. దానికి వేరే స్విచ్చు లేదు. తీగ గుచ్చితే ప్రాణం, పీకితే లేదు.

"నీకు సెల్లే కావాలె, తీగలు మాత్రం నేను పీకాలె" అని ప్రతి ప్రోగ్రాం చివర అఖిలేశ్ సణుగుతూ పీకేవాడు. చాంద్రి పడీపడీ నవ్వేది.

ఒక సాయంత్రం చరణ్‌ను వెతుక్కుంటూ అఖిలేశ్ మిల్లు వెనక్కి నడిచాడు. ఊరంతా కరెంటు పోయి ఉంది. తలుపు తోశాడో లేదో—

"వినవడ్తుందా?"

చాంద్రే! అనుమానం లేదు... ఆ గొంతు చాంద్రిదే. గడప మీదే ఆగిపోయాడు. మళ్లీ అడిగింది... మళ్లీ...

అప్పుడు కనిపించింది, నేల మీద చిన్న ఎర్ర లైటు.

టార్చి వేశాడు. చరణ్ పెడల్! తొక్కితే ఒక ముక్క మాటను పట్టుకుని తిరగతిప్పి పలికించేది. పక్కన చిన్న స్పీకర్.

"ఓర్నీ... ఇదా దెయ్యం!"

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఎవరో తీగ మరిచిపోయారు, సెల్లు దండగ అనుకుంటూనే, ఏళ్ల అలవాటున చెయ్యి దానంతటదే పోయి తీగ పీకేసింది.

లైటు ఆరింది. గది గప్‌చుప్.

ఇన్ని నెలలు సెల్లు ఎట్లా నిలిచిందన్న ఆలోచన, తీగ చేతిలోకి వచ్చాక గానీ రాలేదు. టార్చి తిప్పాడు. పెడల్‌లో సెల్లు ఉండాల్సిన చోటి నుంచి రెండు వైర్లు, స్పీకర్ నుంచి ఇంకో రెండు గోనెసంచి కిందికి పోయాయి. సంచి ఎత్తితే ట్రాక్టర్ బ్యాటరీ.

బయట సైకిల్ స్టాండు పడ్డ చప్పుడు. చరణ్... చేతుల్లో ఇంకో బ్యాటరీ, అప్పుడే ఛార్జింగ్ చేయించుకొచ్చింది.

"అన్నా... గొంతేది?"

అఖిలేశ్ చేతిలో తీగ కనిపించింది వాడికి.

"ఏం జేసినవన్నా!"

బ్యాటరీ కింద పెట్టి, తీగ లాక్కుని గుచ్చాడు. ఎర్ర లైటు వెలిగింది. మాట రాలేదు. తొక్కాడు. మళ్లీ తొక్కాడు. రాలేదు.

"ఆ దినం చాయ్‌కు పోయే ముందు మైకు చూసుకుంట అన్న మాటన్నా. నవ్వులాటకు గీ పెడల్ల పట్టిన. పవర్ పోతే మాట పోతది, దాంట్ల దాసుకునేతందుకు లేదు. కరెంటును నమ్మలే, సెల్లును నమ్మలే... గందుకే గీ బ్యాటరీలు. ఒకటి తియ్యకముందే ఇంకోటి తగిలిస్తుంటి."

అఖిలేశ్ తన చేతిని తనే చూడలేకపోయాడు.

"రోజూ అడుగుతుండె," అన్నాడు చరణ్ గుసగుసగా. "నేను జవాబియ్యలే అన్నా. ఇస్తే ఇగ అడగదేమో అని భయపడ్డ."

పెడల్ మీదికి వంగాడు.

"వినవడ్తుంది చాంద్రీ... మంచిగ వినవడ్తుంది."

ఆ గదిలో మళ్లీ ఎవరూ అడగలేదు.