సగంలో ఆగిన గొట్టం

వాగు మలుపులో ఉన్న పాత సమ్మెటల షెడ్డు ముందు నుంచి మా లోయవాళ్ళెవరూ నోరు మూసుకుని నడవరు. చీకటి పడ్డాక అటు పోవాల్సొస్తే పక్కనున్నవాళ్ళతో ఏదో ఒకటి వాగుతూనే ఉంటారు. ఒంటరిగా పోయేవాళ్ళు ప్రార్థన పైకి చదువుకుంటారు. చెవి ఖాళీగా ఉండకూడదట... ఖాళీ దొరికితే ఆ షెడ్డు అందులోకి వచ్చేస్తుందట.

అక్కడ కయెటన్ అనే ఆయన తుపాకీ గొట్టాలు సాగగొట్టేవాడు. మందంగా, పొట్టిగా ఉన్న ఉక్కుముక్కకి నడిమధ్య రంధ్రం తొలిచి, మెలి తిరిగిన గట్లున్న కడ్డీ ఒకటి లోపల దూరుస్తారు. ఉక్కుని కాల్చరు. చల్లగా ఉండగానే యంత్రంలో నాలుగు సమ్మెటలు నాలుగు పక్కల నుంచి ఒకేసారి మోదుతాయి. దెబ్బదెబ్బకీ ఉక్కు సన్నబడి పొడుగవుతుంది, లోపల ఆ మెలి గాడులై అచ్చుపడుతుంది, పైన పాము కుబుసంలా గుర్తులు తేలుతాయి. పొయ్యి ముఖం చూడని గొట్టం, బయటికొచ్చేసరికి చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటుంది. నాకదంటే ఎప్పుడూ వింతే.

ఒక సాయంత్రం యంత్రం ఆడుతుండగా కయెటన్ చొక్కా చెయ్యి బిగింపులో పడింది. ఎవరో పరిగెత్తి కరెంటు ఆపేసరికి ఆయన ప్రాణం పోయింది. గొట్టం సగంలో ఆగిపోయింది... సగం సన్నగా, కుబుసం గుర్తులతో. సగం మొద్దుగా, నున్నగా. దాన్ని యంత్రం దవడల్లోంచి తియ్యడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. కింద ద్రావా నది ఒడ్డున కొత్త కార్ఖానా కట్టారు. ఇక్కడి కరెంటు తీగలు పీకేశారు.

ఇక మా అక్క అపొలోనియా సంగతి. తను చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను.

అక్కకి నిశ్చయమైన సెవెరిన్ బావ కొత్త కార్ఖానాలో సమ్మెటల యంత్రం నడిపేవాడు. ఆ మోతకి కుడిచెవి పూర్తిగా పోయింది. ఎడమచెవిలో కొంచెం మిగిలింది. ఆ కొంచెమూ ఉండాలంటే యంత్రం ఒదిలెయ్యాలని క్లాగెన్‌ఫుర్ట్ పట్నం డాక్టరు గట్టిగా చెప్పాడు. బావ ఒదిలేశాడు.

"గుడిలో ఫాదర్ అడిగినప్పుడు నువ్వు అవునంటావు చూడు, అదొక్కటీ వింటే చాలు నాకు. ఆ తర్వాత చెవి ఉంటే ఎంత, ఊడితే ఎంత, లోనీ" అనేవాడు. అక్కని అలాగే పిలిచేవాడు. అక్క అతని నోటిమీద చెయ్యి పెట్టేసేది. నేను తలుపు చాటునుంచి విని, దుప్పట్లో దూరి ఏడ్చేదాన్ని.

పెళ్ళి ఇంకో వారం ఉందనగా ఇద్దరూ పై ఊళ్ళో పెద్దమ్మ దగ్గర్నుంచి దాల్చినచెక్క రొట్టె మూటగట్టుకుని దిగి వస్తున్నారు. పొగమంచు. చలికాలం కదా, రాత్రి భోజనాల వేళకి ముందే చిక్కటి చీకటి. అక్క లాంతరు తన ముఖం దగ్గర పట్టుకుని నడుస్తోంది — బావ ఆమె పెదాలు చూసి మాటలు పోల్చుకుంటాడు.

షెడ్డు కనబడగానే అక్క మొదలెట్టింది. "మామయ్య అకార్డియన్ తెస్తాడట. తాగకుండా వాయిస్తాడా అని అమ్మ బెంగ..."

"తాగకపోతేనే బెంగ. అప్పుడు నిజంగా వాయిస్తాడు" అన్నాడు బావ.

అక్క నవ్వింది. సరిగ్గా అప్పుడే వాగులోంచి గాలి లేచింది — లాంతరు ఆరిపోయింది.

అక్క మాటలు ఆపలేదు. గొంతు పెంచింది, అతని ఎడమచెవి దగ్గరికి జరిగింది కూడా. కానీ పెదాలు కనబడని చీకట్లో ఆ మాటలు అతనికి సగమే చేరాయి... తర్వాత అసలు చేరలేదు.

బావ నిలబడిపోయాడు.

"యంత్రం ఆడుతోంది" అన్నాడు మెల్లగా.

"లేదు. పద."

"ఎంత స్పష్టంగా ఉందో లోనీ... చెవిలో దూది తీసేసినట్టు."

అక్కకి వినబడుతున్నది వాగు ఒక్కటే. చెయ్యి పట్టుకుంది. అతను విడిపించుకున్నాడు — కోపంగా కాదు, నిద్రలో విడిపించుకున్నట్టు. తలుపు తోసుకుని లోపలికి పోయాడు.

గడప బయట నిలబడి అక్క పేరు పెట్టి పిలిచింది. అరిచింది. లోపల చప్పుడు లేదు... అడుగుల చప్పుడైనా లేదు. కాళ్ళ కింద నేల మాత్రం సన్నగా అదురుతున్నట్టుంది.

చాలాసేపటికి బావ బయటికొచ్చాడు. నవ్వుతున్నాడు. అక్క ఏదేదో అడిగింది. అతను నవ్వుతూనే ఇంటిదారి పట్టాడు. ఇంటికొచ్చి అమ్మ దీపం ఎదురుగా పెట్టి, పెదాలు కనబడేలా అడిగాక తెలిసింది — ఎడమచెవి కూడా పోయింది.

"కింద కార్ఖానా అదురే అయ్యుంటుంది. చెవి పోయేవాడికి కాళ్ళకి వినబడుతుంది" అన్నారు బావతో పనిచేసినవాళ్ళు. అమ్మకి ధైర్యం చెబుదామని పొద్దున్నే షెడ్డుకి వెళ్ళి చూశారు కూడా. తలుపు దగ్గర బావ అడుగులున్నాయి. గోడకి తీగల్లేవు. సమ్మెటలు తుప్పు పట్టి ఉన్నాయి. దవడల్లో గొట్టం ఉంది.

ఈ కొస నుంచి ఆ కొస దాకా సన్నగా, కుబుసం గుర్తులతో.

ముందున్నతను ముట్టుకుని చెయ్యి లాగేసుకున్నాడు. వేళ్ళు నోట్లో పెట్టుకున్నాడు.

పెళ్ళి ఆగలేదు. గుడిలో ఫాదర్ అడిగాడు. అక్క అందరికీ వినబడేలా "అవును" అంది. బావ ఆమె పెదాలకేసి చూసి తలూపాడు. అతని వేళ్ళు మాత్రం బల్లమీద ఆగకుండా తాళం వేస్తున్నాయి... సమ్మెటలు పడే తాళం. అక్క కళ్ళు నిండాయి. అది చూసి బావ ఆమె చెవిలో గొణిగాడు.

"ఏడవకు లోనీ. నేను ఆ రాత్రే విన్నాగా. షెడ్డులో నా పక్కనే నిలబడి, చెవిలో... అవునన్నావు."

అక్క ఆ గడప దాటనే లేదు.