వాసన పోయిన అత్తరు సాబు

రహమత్ బీ నీళ్ళకు పోయి వచ్చేసరికి పొయ్యిమీద పాలు అడుగంటి, మాడువాసన వీధిదాకా కొడుతోంది. పొయ్యికి బారెడు దూరంలో, వీపు తిప్పి కూర్చున్న రసూల్ సాబ్ కదల్లేదు.

"ఆ వాసనకు సచ్చినోడు కూడా లేసి కూసుంటాడు. నీ ముక్కు యాడ పెట్టినావు?" అంది.

అతను పొయ్యి వైపు చూశాడే కాని ఉలకలేదు. ఆదోని బజారులో అత్తరుకు పెట్టింది పేరు రసూల్ సాబ్. అలాంటి మనిషి కొన్నాళ్ళుగా ఇలాగే ఉంటున్నాడు. నవ్వడు, విసుక్కోడు. నడిచేటప్పుడు కుడిచెయ్యి ఒంటికి అతుక్కునే ఉంటుంది. రహమత్ బీకి ఆ మొహం చూస్తేనే ఒళ్ళు మండుతోంది.

అంతలో అంగట్లో భాగస్తుడైన తమ్ముడు జిలాని బాషా వచ్చి, ఒక సీసాను అన్న ముందు ఠక్కున పెట్టాడు.

"ఎమ్మిగనూరు పెండ్లోళ్ళు మొగాన కొట్టి పోయినారు. నిఖా దినం పెండ్లికొడుక్కి ఇది పూస్తే జనం ముక్కు మూసుకున్యారంట. సెడిపోయిన నూనె కలిపినావు కదా?"

"కల్తీ సెయ్యలేదు," అన్నాడు రసూల్ సాబ్, వినపడీ వినపడనట్టు.

"అయితే వాసన సూడకనే అమ్మినావా? సూడు భాభీ, ఆ మొగంలో సిగ్గన్నా ఉందేమో. భాయ్, రేపట్నుంచి నువ్వు అంగడి కాడికి రావద్దు."

"రావద్దనేకి నువ్వెవురు?" అని మరిది మీద లేచిన రహమత్ బీ, అదే ఊపులో భర్త భుజం పట్టి కుదిపింది. "నువ్వన్నా నోరు తెరువు. తిట్టు, లేకుంటే ఏడువు. ఇట్లా బొమ్మ మాదిరి కూసుంటే నేనెట్లా బతకల్ల?"

అతను ముందున్న సీసాను పక్కకు జరిపాడు.

"నాకు వాసన తెలీదు. రెండు మూడేండ్లాయ. అత్తరూ కిరసనాయిలూ ఒగటే. రంగు సూసి అమ్ముతాండా."

ఒళ్ళో ఉన్న చేతివేళ్ళు కనపడని గింజనేదో నలుపుతున్నట్టు వణికాయి.

"నాకు కూడా సెప్పకూడదా?" అంది ఆమె. కోపం తగ్గలేదు. దాని అడుగున భయం చేరింది.

ఆ వారమే ముగ్గురూ కర్నూలు పెద్దాసుపత్రికి పోయారు. డాక్టరు చెయ్యి వంచి చూశాడు, నడిపించి చూశాడు.

"దీన్ని పార్కిన్సన్ జబ్బంటారు. మెదడులో కదలికలను నడిపే కణాలు చచ్చిపోతున్నాయి. వాసన పోవడమూ ఇందులో ఉన్నదే."

"మా అన్న ఏం తప్పు సేసినాడని?" జిలాని గొంతు కరుగ్గా ఉంది.

"ఎవరి తప్పూ కాదు. ఒంట్లో రోగాలతో పోరాడే కణాలుంటాయి. అలాంటివే ఆ చచ్చినచోట గుమిగూడి ఉన్నాయని బయటి దేశాల డాక్టర్లు ఈమధ్యే రాశారు. అవే చంపుతున్నాయో, చచ్చినదాన్ని ఊడ్చడానికి వచ్చాయో ఇంకా తేలలేదు."

"కాపాడాల్సినవే కొడతాండాయంటారా?" అన్నాడు జిలాని.

"కొడుతుండొచ్చు. రూఢిగా చెప్పలేను. మాత్రలతో కొంత తేలికపడుతుంది కాని పూర్తిగా నయం కాదు. ఆ మొహం బిగువు కూడా సడలొచ్చు."

రహమత్ బీ తల ఎత్తింది. "మొగం అట్లుండేది కూడా జబ్బేనా సారూ?"

"అవునమ్మా. లోపల అన్నీ ఉంటాయి. మొహం మీదికి రావు."

బయట వరండాలో జిలాని అన్న ముందు నిలబడ్డాడు. "భాయ్, నేనన్న మాటలు..." అంటూ కళ్ళు తుడుచుకున్నాడు.

"ఏడ్సింది సాలు," అంది రహమత్ బీ. "ఆయప్ప రేపట్నుంచి అంగట్లో తన సోట్లోనే కూసుంటాడు. వాసన నువ్వు సూడు. ఏది ఎంత కలపల్లో ఆయప్ప సెప్తాడు. ఇంగోసారి రావద్దంటే మా గడప తొక్కొద్దు."

జిలాని తలూపి, అన్న చెయ్యి పట్టుకున్నాడు.

ఆమె భర్త వైపు తిరిగింది. "నేనూ శానా మాటలన్న్యా."

"నాకూ శానాసార్లు కోపమొచ్చింది," అన్నాడు రసూల్ సాబ్ నెమ్మదిగా. "నీ మాటలకు శానాసార్లు నవ్వుకున్న్యా కూడా. నీకు కనపళ్ళేదు, అంతే."

రహమత్ బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఆసుపత్రి మెట్లమీదే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.